మ్యాప్‌లో నీలంగా కనిపించే సముద్రం ఖాళీ కాదు!

ఫోన్‌లో మ్యాప్ తెరిచి జువ్వలదిన్నె అని టైప్ చేయండి. నెల్లూరు జిల్లా బోగోలు మండలం, కావలికి దగ్గర. ఊళ్లోకి వెళ్లే రోడ్డు కనిపిస్తుంది. గుడి, బడి, రొయ్యల చెరువులు, ఫిషింగ్ హార్బర్ అన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు వేలితో కాస్త తూర్పుకి జరపండి. అంతే, మొత్తం నీలం. ఎంత జూమ్ చేసినా నీలమే. ఒక్క పేరు ఉండదు, ఒక్క గీత ఉండదు.

నేల మీద సెంటు భూమికి కూడా సర్వే నంబరు ఉంటుంది. గట్టు దగ్గర అడుగు తేడా వస్తే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం మన మ్యాప్‌లు చేతులెత్తేస్తాయి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, మ్యాప్ డేటాతోనే నా పని. మా భాషలో ఆ నీలానికి ఒక పేరుంది: 'నల్ వాల్యూ'. అంటే అక్కడ సమాచారం లేదని. కానీ సమాచారం లేకపోవడం వేరు, అక్కడ ఏమీ లేకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే దెబ్బ తగిలేది ఆ నీళ్లమీద బతికేవాళ్లకి.

ఇప్పుడు ఈ గొడవంతా ఎందుకంటారా? సముద్రం మీద గీతలు గీసే రోజులు వచ్చేశాయి కాబట్టి. పోర్టులు, పైపులైన్లు, కేబుళ్లు, రేపో మాపో గాలి మరలు. ఆ గీతలు గీసేముందు ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి అనేదాని మీద ప్రపంచంలో చాలాచోట్ల రిసెర్చ్ జరుగుతోంది. మన తీరానికి అది చాలా అవసరం.

ఆ నీలంలో ఏముంది?

కావలి దగ్గర మాకో ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఉన్నాడు. వాడితో కలిసి ఓ ఆదివారం జువ్వలదిన్నె వైపు వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని, ముప్పై ఏళ్లకు పైగా బోటు నడిపిన సరంగుని, నా ఫోన్‌లో ఆ నీలం చూపించి అడిగాను: ''బాబాయ్, ఇక్కడ ఏముంటుంది?''

ఆయన ఫోన్ వైపు ఒకసారి చూసి నవ్వాడు. ''ఏందబ్బయా, ఏం లేదని రాసుండారా? ఈడ బురద. దాన్ని దాటితే ఇసక. ఆ పైన రాళ్లుండాయి, ఆడ వలేస్తే చినిగిపోతది, గేలం వెయ్యాల. రొయ్య ఒక నెల ఈడ, ఇంకో నెల ఆడ. ఇదంతా నీ ఫోన్‌లో యాడుండాది?''

లోతుని ఆయన మీటర్లలో చెప్పలేదు, బారల్లో చెప్పాడు. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పలేదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడవాలో చెప్పాడు. కానాగంతలు, కవ్వళ్లు, చందువ, వంజరం... ఒక్కోదానికి ఒక్కో కాలం, ఒక్కో వల, ఒక్కో చోటు. నీటి వాలు ఎటు లాగుతోందో చూసి వల ఎటు వదలాలో నిర్ణయిస్తారు. ఇదంతా ఒక పూర్తిస్థాయి డేటాబేస్. కాకపోతే సర్వర్‌లో లేదు, మనుషుల తలల్లో ఉంది.

ఈ సమస్యకి అమెరికాలో ఇద్దరు పరిశోధకులు మంచి పేరు పెట్టారు. కెవిన్ సెయింట్ మార్టిన్, మాడలీన్ హాల్ ఆర్బర్ 2008లో రాసిన పేపర్‌లో దీన్ని 'కనిపించని లేయర్' అన్నారు. సముద్రపు మ్యాప్‌లలో లోతు ఉంటుంది, చేపల జాతులుంటాయి, నౌకల దారులుంటాయి. మనుషుల లేయర్ మాత్రం ఉండదు. ఏ ఊరివాళ్లు ఏ నీళ్లమీద ఆధారపడ్డారో ఆ మ్యాప్ చెప్పదు. మ్యాప్‌లో లేని మనిషి మీటింగ్‌లో కూడా ఉండడు.

సముద్రానికి మాస్టర్ ప్లాన్

సిటీకి మాస్టర్ ప్లాన్ ఉన్నట్టే సముద్రానికీ ఒకటి ఉండాలన్న ఆలోచనే ఓషన్ ప్లానింగ్. ఇక్కడ వేట, ఇక్కడ నౌకలు, ఇక్కడ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఇక్కడ కేబుల్ అంటూ ముందే కూర్చుని మాట్లాడుకోవడం. యునెస్కో 2009లో దీనికి మెట్టు మెట్టుగా చెప్పే ఒక గైడ్ తెచ్చింది. మన దేశంలో నార్వేతో కలిసి పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఆ పని చూస్తోంది.

చట్టం ప్రకారం చూస్తే, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మన ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు మన ఆర్థిక మండలి. ఇది 1976 నాటి చట్టం. రాష్ట్రం వరకు వస్తే 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం ఉంది. దాని కింద తీరానికి 8 కిలోమీటర్ల లోపల సంప్రదాయ పడవలదే హక్కు, మెకనైజ్డ్ బోట్లు ఆ అవతలే వేటాడాలి. అంటే మన సముద్రం మీద ఇప్పటికే గీతలున్నాయి. అవి పడవ మీద నుంచి కనిపించవు, అంతే.

గాలి మరలు ఎక్కడిదాకా వచ్చాయి?

ముందే ఒక మాట చెప్పేస్తాను, వాట్సాప్‌లో వేరేలా తిరగకుండా. జువ్వలదిన్నె ఎదురుగా సముద్రంలో గాలి మరలు లేవు. కేంద్రం గుర్తించిన ఆఫ్‌షోర్ విండ్ జోన్లు గుజరాత్ తీరంలో ఎనిమిది, తమిళనాడు తీరంలో ఎనిమిది. నెల్లూరు ఆ జాబితాలో లేదు.

కథ 2015 అక్టోబరులో జాతీయ ఆఫ్‌షోర్ విండ్ పాలసీతో మొదలైంది. 2030 నాటికి 30 గిగావాట్లు అని 2018లో పెద్ద టార్గెట్ పెట్టారు. 2023 డిసెంబరులో లీజు నిబంధనలు వచ్చాయి. 35 ఏళ్ల దాకా లీజు ఇవ్వొచ్చు. 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ రూ.7,453 కోట్లతో ఒక పథకాన్ని ఆమోదించింది. గుజరాత్‌లో 500 మెగావాట్లు, తమిళనాడులో 500 మెగావాట్లు, పనిలో పనిగా రెండు పోర్టులకు మరమ్మతులు. టెండర్లు పిలిచారు, రద్దు కూడా చేశారు. ఇవాళ్టికి మన దేశ సముద్రంలో నడుస్తున్న గాలి మర ఒక్కటీ లేదు.

మరి మనకెందుకు ఈ చర్చ? ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ 2024 క్లీన్ ఎనర్జీ పాలసీలో గాలి కరెంటు టార్గెట్ 35 గిగావాట్లు. నేల మీద స్థలం కోసం గొడవలు పెరిగేకొద్దీ చూపు సముద్రం వైపు మళ్లుతుంది. జువ్వలదిన్నెకి ఉత్తరాన, ఎంతో దూరం లేని కరేడులోనే 2025లో సోలార్ పరిశ్రమకి భూములివ్వబోమని రైతులు రోడ్డెక్కారు. గ్రీన్ ఎనర్జీ అయినంత మాత్రాన జనం చప్పట్లు కొట్టరని ఆ ఒక్క ఉదాహరణ చాలు.

నేను గాలి కరెంటుకి వ్యతిరేకిని కాదు. వాతావరణం మారితే ముందు మునిగేది తీరమే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు. బంగాళాఖాతాన్ని దాటిన అతి భయంకర తుపాన్లలో అదొకటి. బొగ్గు తగ్గాలి, గాలి పెరగాలి. నా ప్రశ్నల్లా ఒకటే: ఆ గాలి ఎవరి వేట మీదుగా వీస్తుంది?

చిన్న లెక్క వేద్దాం

500 మెగావాట్ల ప్రాజెక్టు అనుకుందాం. ఇప్పటి పెద్ద మర ఒక్కోటి 15 మెగావాట్లది. అంటే 33, 34 మరలు. రెక్కలు తిరిగే వలయం వ్యాసమే దాదాపు 236 మీటర్లు. ఒకదాని గాలి ఇంకోదానికి అడ్డం రాకుండా మధ్యలో కిలోమీటరున్నర దాకా వదలాలి. చదరపు కిలోమీటరుకి సుమారు 5 మెగావాట్లు అని మోటు లెక్క వేసుకుంటే, 100 చదరపు కిలోమీటర్ల సముద్రం కావాలి.

ఇక్కడే అసలు మెలిక. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ఒక్కో నిర్మాణం చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టొచ్చు. మరల మధ్య వేట అనుమతిస్తే, 33 మరలకి వేటగాళ్లు కోల్పోయేది సుమారు 26 చదరపు కిలోమీటర్లు. మొత్తం మూసేస్తే 100. అదే ప్రాజెక్టు, అదే కరెంటు. ఒక్క నిబంధన మారితే నష్టం నాలుగు రెట్లవుతుంది.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లో విండ్ ఫామ్‌ల మధ్య చేపలవేటకి అనుమతి ఉంది. బెల్జియంలో లేదు. పైగా కాగితం మీద అనుమతి ఉన్నా, వల లాగే బోటు ఆ స్తంభాల మధ్యకి ధైర్యంగా వెళ్తుందా లేదా అనేది వేరే సంగతి. నీటివాలుకి వల కొట్టుకుపోయి కేబుల్‌కి చుట్టుకుంటే? ఈ ప్రశ్నకి జవాబు ఇంజినీరు దగ్గర ఉండదు, సరంగు దగ్గర ఉంటుంది.

వేరే తీరాలు ఏం నేర్చుకున్నాయి?

అమెరికాలో మసాచుసెట్స్ తీరంలో కేప్ విండ్ అనే ప్రాజెక్టు 2001లో ప్రతిపాదించారు. 130 మరలు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి 2017లో ఆగిపోయింది. ఆ గొడవ నడుస్తుండగానే జెరెమీ ఫైర్‌స్టోన్, విల్లెట్ కెంప్టన్ అనే పరిశోధకులు అక్కడి జనాన్ని సర్వే చేశారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక విషయం నాకు బాగా నచ్చింది. ఈ ఒక్కటే ప్రాజెక్టు అంటే 'వద్దు' అన్న చాలామంది, దేశమంతా కట్టబోయే మూడొందల ప్రాజెక్టుల్లో ఇది మొదటిది అంటే మెత్తబడ్డారు. అంటే జనం కేవలం మా ఊళ్లో వద్దు అనట్లేదు. దీనివల్ల నిజంగా ఏమైనా మారుతుందా అని అడుగుతున్నారు.

డచ్ పరిశోధకుడు మార్టెన్ వోల్సింక్ ఇదే సంగతిని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు. వ్యతిరేకించే ప్రతివాళ్లనీ స్వార్థపరులంటూ ముద్ర వేస్తే అసలు కారణం కనిపించకుండా పోతుంది. ఆ కారణం చాలాసార్లు న్యాయం గురించే: మమ్మల్ని అడిగారా, లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

పక్కనే ఉన్న రోడ్ ఐలాండ్ రాష్ట్రం వేరే దారి పట్టింది. ముందు సముద్రానికి ప్లాన్ తయారుచేసింది, 2010లో ఆమోదించింది. మత్స్యకారుల సలహా బోర్డు కూడా పెట్టింది. తర్వాతే బ్లాక్ ఐలాండ్ దగ్గర ఐదు మరలు, 30 మెగావాట్లు. 2016 డిసెంబరులో కరెంటు మొదలైంది. అమెరికా సముద్రంలో మొదటి విండ్ ఫామ్ అదే. అక్కడ తర్వాత జరిగిన రిసెర్చ్‌లో ఇంకో మెలిక బయటపడింది. సరదాకి గేలం వేసేవాళ్లు 'స్తంభాల దగ్గర చేపలు బాగా చేరుతున్నాయి' అని సంతోషపడ్డారు. చేపలే జీవనాధారమైనవాళ్లు 'అక్కడ రద్దీ పెరిగి మాకు చోటు లేకుండా పోతోంది' అని బాధపడ్డారు. సముద్రం ఒకటే, మరలు అవే, అనుభవాలు రెండు.

డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ పక్కన మిడిల్‌గ్రుండెన్ అని 20 మరల విండ్ ఫామ్ 2000లో కట్టారు. అందులో సగం వాటా ఒక సహకార సంఘానిది. ఎనిమిది వేల మందికి పైగా మామూలు జనం వాటాలు కొన్నారు. కిటికీలోంచి కనిపించే మర నాది అనుకుంటే దాని చూపే మారిపోతుంది. మనకి పాల సొసైటీలు కొత్త కాదు, మత్స్యకార సొసైటీలు కొత్త కాదు. ఈ నమూనా మన ఊహకి అందనిదేం కాదు.

'ఊరి అభిప్రాయం' అంటే ఎవరి అభిప్రాయం?

బ్లాక్ ఐలాండ్ పాఠాన్ని నెల్లూరు తీరానికి తెచ్చి చూడండి. 'మత్స్యకారులు ఒప్పుకున్నారు' అని ఒక రిపోర్టులో రాస్తే, ఏ మత్స్యకారులు?

ఫైబర్ బోటు మీద తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేవాళ్లు వేరు. రోజుల తరబడి సముద్రంలోనే ఉండే మెకనైజ్డ్ బోట్లవాళ్లు వేరు. నెల్లూరు తీరంలో వేట కోసం తమిళనాడు నుంచి వచ్చే పెద్ద బోట్లతో ఇక్కడివాళ్లకి ఏళ్ల తరబడి తగాదా ఉంది. 'సోనా బోట్లు' అంటే చాలు, ఇక్కడ మాట పెరుగుతుంది. సముద్రంలో ఒకచోట కంచె వేస్తే ఆ బోట్లన్నీ మిగిలిన నీళ్లలోకే జరుగుతాయి. అప్పుడు గొడవ గాలి మరతో కాదు, పక్క పడవతో.

ఇంకా ఉంది. ఈ తీరంలో పట్టపు కులం వాళ్ల ఊళ్లెన్నో ఉన్నాయి. ఇళ్లల్లో తమిళం కలిసిన మాట, బయట తెలుగు. ఊరి పెద్దల కట్టుబాట్లు బలంగా ఉంటాయి. పెద్దలు దురాయి వేశారంటే ఆ రోజు ఒక్క పడవ కదలదు. ఇది సముద్రం మీద జనం తమకు తాము చేసుకున్న పరిపాలన. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా కలెక్టరేట్‌లో ఒక మీటింగ్ పెడితే సరిపోదు. అలాగని పెద్దల మాటే ఊరందరి మాట అనుకున్నా కుదరదు. ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?

చేప ఒడ్డుకి వచ్చాక బతుకంతా ఆడవాళ్లదే. ఏరడం, ఎండబెట్టడం, గంపకెత్తుకుని ఊళ్ల వెంట అమ్మడం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలు చేశారు. మంచిదే. కానీ ఆ లెక్క బోటు మీద వేటకి వెళ్లేవాళ్లది. ఆ రెండు నెలలు గంప కూడా ఖాళీగానే ఉంటుంది. దానికి లెక్క లేదు. రేపు విండ్ ఫామ్ పరిహారం లెక్క కూడా బోటు రిజిస్ట్రేషన్ నంబరుతోనే మొదలైతే, ఇదే కథ మళ్లీ జరుగుతుంది.

ఈ తీరానికి 'ప్రాజెక్టు' అనే మాట కొత్త కాదు. కృష్ణపట్నంలో పోర్టు, థర్మల్ ప్లాంట్లు వచ్చాయి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఆ చుట్టుపక్కల నీళ్లలో వేట ఆపాలి. రామాయపట్నం పోర్టుకి 2022 జులైలో శంకుస్థాపన జరిగింది, దానికోసం మొండివారిపాలెం, ఆవులవారిపాలెం, కర్లపాలెం వాళ్లు ఇళ్లు వదిలారు. జువ్వలదిన్నెకి కూడా 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, ఫిషింగ్ హార్బర్ శంకుస్థాపన జరిగింది. హార్బర్ కావాలని మత్స్యకారులే అడిగారు. కావాలన్నది వచ్చినప్పుడు జనం ఎలా చూస్తారో, అడగకుండా వచ్చినదాన్ని ఎలా చూస్తారో పోల్చి చదవడానికి ఇంతకన్నా మంచి తీరం దొరకదు. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో రిపోర్టు రాస్తారు. అన్నీ కలిపి చూస్తే ఒక పడవకి ఎంత సముద్రం మిగిలిందనే లెక్క ఎక్కడుంది?

డేటా ఇస్తే సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ వాళ్లకి వెంటనే తట్టే ఐడియా: యాప్ పెడదాం, ట్రాకర్ పెడదాం. కొంత జరిగింది కూడా. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేపలు దొరికే ప్రాంతాల సూచనలు ఏళ్లుగా ఇస్తోంది. ఇస్రో టెక్నాలజీతో తయారైన ట్రాన్స్‌పాండర్లు లక్ష బోట్లకి పెట్టే పథకం 2024లో మొదలైంది. బోటు ఆపదలో ఉంటే సిగ్నల్ పంపొచ్చు. నిజంగా ప్రాణం కాపాడే వస్తువు.

కానీ చిన్న పడవలన్నీ ఇంకా స్క్రీన్ మీద కనిపించవు. 2024 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పెద్ద పెద్ద పారిశ్రామిక వేట నౌకల్లోనే నాలుగింట మూడొంతులు బహిరంగ ట్రాకింగ్‌లో కనిపించట్లేదు. ఇక ఫైబర్ బోటు సంగతి చెప్పాలా? ట్రాకింగ్ మ్యాప్ చూసి 'ఇక్కడ వేట తక్కువ' అని తేల్చేస్తే, తప్పు లెక్క వచ్చేది చిన్నవాళ్లకే.

రెండోవైపు కూడా ఉంది. అదే ఆదివారం ఆ పెద్దాయన్ని, ''మంచి చేప దొరికే చోటు మ్యాప్‌లో పెడదామా బాబాయ్?'' అని అడిగాను. ''నీ జీతమెంతో ఊరందరికీ చెప్తావా అబ్బయా?'' అన్నాడు. నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. చెప్పకపోతే ఖాళీ సముద్రం అంటారు. చెప్తే పక్కవాళ్లు వచ్చి వలేస్తారు. అందుకే మ్యాప్ గీయడం ఎంత ముఖ్యమో, అది ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోవడం అంతకన్నా ముఖ్యం. కచ్చితమైన పాయింట్ కాకుండా పెద్ద గడులుగా చూపించడం, ఊరి అనుమతి లేకుండా బయటికి ఇవ్వకపోవడం... టెక్నాలజీలో ఇవేం కష్టమైన పనులు కావు.

అడగాల్సినవి ఐదు

మీది తీరప్రాంతమైతే, రేపు మీ ఊళ్లో ఏ ప్రాజెక్టు మీటింగ్ జరిగినా ఈ ఐదూ అడగండి.

1. గీత గీశాక అడుగుతున్నారా, గీయకముందు అడుగుతున్నారా?

2. లోపల వేటకి అనుమతి ఉంటుందా? ఉంటే ఏ వలకి, ఏ బోటుకి? అది లీజు కాగితంలో రాస్తారా?

3. చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తే అదనపు డీజిల్ ఖర్చు ఎవరిది? కట్టే రెండు మూడేళ్లకా, ఉన్నన్నాళ్లకా?

4. పరిహారం జాబితాలో గంపమ్మే ఆడవాళ్లు, బోటు లేని కూలీలు ఉన్నారా?

5. వచ్చే కరెంటులో, ఉద్యోగాల్లో, లాభంలో ఊరికి వాటా ఎంత?

ఇక ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లకి ఒక మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం నెట్‌లో దొరికే పాత టాపిక్‌నే మళ్లీ తిప్పి ఇచ్చేబదులు, దగ్గర్లోని పాలేనికి వెళ్లండి. క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. ఒక పెద్ద కాగితం, నాలుగు రంగుల పెన్నులు పట్టుకెళ్లి సరంగులని గీయమనండి. ఏ నెల ఎక్కడ, ఏ వల, ఎంత లోతు. ఆడవాళ్లని వేరే కూర్చోబెట్టి ఏ చేప ఏ సంతకి వెళ్తుందో గీయించండి. దాన్ని ఊరికే ఇచ్చేయండి, ఊరి దగ్గరే ఉంచండి.

గుజరాత్, తమిళనాడు టెండర్లు ఆగడం వల్ల మనకి కొంచెం టైమ్ దొరికింది. నెల్లూరు పేరు ఇంకా ఏ జోన్‌లోనూ లేదు. అంటే అడగడానికి, చెప్పడానికి, గీయడానికి ఇదే సరైన కాలం. జోన్ ప్రకటించిన మర్నాడు పట్టుకెళ్లే మ్యాప్‌ని అభ్యంతరం అంటారు. ఇవాళ తయారుచేసి పెట్టుకుంటే అదే మ్యాప్‌ని ఆధారం అంటారు.